మిద్దెమీద మదనపల్లె

కూరగాయల ధరలు పెరగ్గానే ఈ దేశంలో అన్నిటికన్నా ముందు మొలకెత్తేది సలహా. దానికి వాన అక్కర్లేదు, ఎరువు అక్కర్లేదు, ఏ తెగులూ సోకదు. 2019 డిసెంబరులో ఉల్లి కిలో వంద దాటినప్పుడు, తమ ఇంట్లో ఉల్లి, వెల్లుల్లి పెద్దగా వాడరని ఆర్థిక మంత్రి నిర్మలా సీతారామన్ లోక్‌సభలోనే సెలవిచ్చారు. 2023 జులైలో టమాటా వంతు వచ్చింది. రేటు ఎక్కువైతే ఇంట్లోనే పెంచుకోండి, తినడం మానేస్తే అదే దిగివస్తుంది, పులుపు కావాలంటే నిమ్మకాయ లేదా అని ఉత్తరప్రదేశ్ మంత్రి ప్రతిభా శుక్లా దారి చూపించారు. నిమ్మకాయ! 2022 వేసవిలో ఒక్కో కాయ పది రూపాయలు పలికి తన సత్తా ఏమిటో అదీ చూపించుకుంది. పాపం, అమ్మగారికి చింతపండు సంగతి ఎవరూ చెప్పినట్టు లేదు.

మానేయడం కుదరనివాళ్ళకు మిగిలింది పెంచుకోవడం. మిద్దెతోట వేస్తే కూరగాయల ఖర్చే ఉండదని పేపర్లో, టీవీలో, యూట్యూబులో ఒకటే ఊదర. సరే, మొదలుపెడదాం. ముందు గ్రో బ్యాగులు. అందులోకి మట్టి, కొబ్బరిపొట్టు, వర్మీ కంపోస్టు. మట్టి కూడా కొనాలా అని మామ్మగారు నోరు తెరుస్తారు. కొనాలి, దానికి డెలివరీ ఛార్జీ వేరు. ఎండకు షేడ్‌నెట్టు, పురుగుకు వేపనూనె. నీళ్ళంటారా, వేసవిలో అపార్ట్‌మెంటుకు వచ్చేదే ట్యాంకరు. ఈలోపు శ్లాబు కారుతోందని పై అంతస్తువాళ్ళు అసోసియేషన్ మీటింగులో లేస్తారు. అద్దె ఇంటివాళ్ళయితే ఇంత దూరం కూడా రారు. మేకు కొట్టడానికే ఒప్పుకోని ఓనరు మడి కట్టనిస్తాడా?

అయినా నాటారనుకోండి. చెట్టు ఏపుగా లేస్తుంది, పసుపుపచ్చ పూత వస్తుంది, ఇంటిల్లిపాదీ ఫోటోలు దిగుతారు. ఆ తర్వాత ఓ పొద్దున కొస ఆకులు పైకి ముడుచుకుని కనిపిస్తాయి. కొమ్మ కదిపితే అడుగునుంచి తెల్లదోమ లేస్తుంది. చెట్టు గిడసబారుతుంది, పూత రాలుతుంది. ఆకుముడత. వేపనూనె అప్పటికి ఆలస్యం. తట్టుకుని ఎర్రబడ్డ నాలుగు కాయల్లో రెంటిని ఉడత కొరికి, నచ్చక అక్కడే వదిలిపోతుంది.

ఇక అసలు కిటుకు క్యాలెండరులో ఉంది. టమాటా నారు నాటాక కోతకు రావాలంటే ఎంత లేదన్నా రెండు నెలలు. 2023 జులై చివర మదనపల్లె మార్కెట్లో కిలో 200 దగ్గరకు పోయింది. ఆ ఊపులో నాటినవాళ్ళకు కాపు అందేది సెప్టెంబరు చివర. సెప్టెంబరులో ఏమైంది? కిలో పది రూపాయల లోపుకు పడిపోయి, కర్నూలు వైపు రైతులు సరుకును రోడ్డు పక్కన పారబోశారు. కాబట్టి సలహా ఫలించలేదనడం అన్యాయం. రేటు చూసి నాటడం, పంట చేతికొచ్చేసరికి రేటు పోవడం, పెట్టుబడి కూడా రాకపోవడం: కర్నూలు వైపు పత్తికొండ రైతు ఏళ్ళ తరబడి నేర్చుకున్న పాఠం మిద్దెమీద ఒక్క సీజనులో వచ్చేసింది.

సరదాకి పెంచుకునేవాళ్ళ జోలికి నేను పోను. వాళ్ళ కొత్తిమీర వాళ్ళది, దాని వాసన బంగారం. నా పేచీ, ప్రభుత్వం చేయాల్సిన పనిని మన బాల్కనీకి బదిలీ చేసే పెద్దమనుషులతో. ఆ 2023లోనే ఆంధ్రప్రదేశ్ రైతుబజార్లలో టమాటా కిలో 50కి అమ్మించారు. క్యూలో నిలబడ్డవాళ్ళకు కాస్త ఊరట దొరికింది. అంటే చేయదలిస్తే చేయవచ్చు. 2018 బడ్జెట్లో టమాటా, ఉల్లి, ఆలుగడ్డల కోసమే ‘ఆపరేషన్ గ్రీన్స్’ అని 500 కోట్లు ప్రకటించారు. ఐదేళ్ళకు జరిగింది మనం చూశాం. తినేవాడు పెట్టే రూపాయిలో టమాటా రైతుకు చేరేది 33 పైసలేనని 2024లో రిజర్వు బ్యాంకు పత్రమే లెక్క కట్టింది. మిగతా 67 పైసల్లో రవాణా ఉంది, కుళ్ళు ఉంది, కమీషన్లు ఉన్నాయి. పొదుపు చేయదలచినవాడు వెతకాల్సిన చోటు అది. కానీ అక్కడికి ఏ సలహా పోదు. పోయేదల్లా మన వంటింట్లోకే.

మనమేం తక్కువ తిన్నామా? బండి దగ్గర అరకిలో టమాటాకి గుప్పెడు కరివేపాకు కొసరు వేయలేదని ఆ అమ్మతో పోట్లాడతాం. పది నిమిషాల్లో తెచ్చిచ్చే యాప్ హ్యాండ్లింగ్ ఫీజు అని వేసినదాన్ని మాత్రం కిక్కురుమనకుండా కడతాం. యాప్‌తో బేరమాడదామంటే దానికి మొహం లేదాయె.

తినేవాళ్ళకి సలహాలు అయిపోయాయి. రైతు కూడా రెండు పూటలే తింటే సాగు ఖర్చు ఇంకా తగ్గుతుందని మాత్రం ఎవరూ అనలేదు. వచ్చే ఉల్లి సీజనుకని దాచిపెట్టి ఉంటారు.