నోటీసు రాగానే నష్టాలు

మిర్యాలగూడ అయినా, తాడేపల్లిగూడెం అయినా, రైస్ మిల్లు అంత తేలిగ్గా మూతపడదు. కరువును తట్టుకుంటుంది, కరెంటు కోతను తట్టుకుంటుంది, తనిఖీకి వచ్చిన అధికారిని కాఫీ ఇచ్చి సాగనంపుతుంది. దాన్ని ఒక్క దెబ్బకు పడగొట్టేది ఒకటే: యజమాని భార్య పంపిన విడాకుల నోటీసు. కవరు చింపీ చింపకముందే గోదాములో ధాన్యం మాయమవుతుంది. బాబాయికి రాసిన ప్రోనోటు పుట్టుకొస్తుంది. మిల్లు తమ్ముడిదైపోతుంది. నిన్నటి యజమాని తన కుర్చీలోనే కూర్చుని, నెలకు పాతికవేల జీతానికి గుమాస్తా అవుతాడు.

ఈ మిల్లుకు ఇదివరకు రెండుసార్లు విలువ కట్టారు. మొదటిసారి పెళ్లిచూపుల్లో. మధ్యవర్తి నోటి లెక్కలో మిల్లుతోపాటు వెనకున్న ఖాళీ స్థలం, ఇంకా కట్టని రెండో మిల్లు కూడా చేరాయి. 1961 నుంచి చట్టం నిషేధించిన సరుకుకు ఆ లెక్కను బట్టే రేటు పలికింది. రెండోసారి బ్యాంకులో. అప్పు కోసం ఆడిటర్ గారు వేసిన అంచనాల్లో, అంటే సీఎంఏ డేటాలో, రాబోయే ఐదేళ్లూ అమ్మకాలు పెరుగుతూనే పోయాయి. ఒక్క ఏడాదీ వాన ఎగ్గొట్టలేదు. ఇప్పుడు మూడోసారి, ఫ్యామిలీ కోర్టులో. అదే మిల్లు, అదే ఆడిటరు, అంకెలే వేరు.

కాలిఫోర్నియాలో పెళ్లయ్యాక కూడబెట్టింది చెరిసగం. అక్కడి మొగుడు కంపెనీ విలువ తగ్గించి చూపాడంటే అర్థం ఉంది. మన హిందూ వివాహ చట్టం మొగుడి వ్యాపారంలో భార్యకు వాటా ఇవ్వనే లేదు. 25వ సెక్షన్ కింద దొరికేది భరణమే, అదీ ఆయన ఆదాయం, ఆస్తి చూసి. స్థిరాస్తిలో భార్యకు వాటా దక్కేలా ఒక బిల్లును 2013లో రాజ్యసభ ఆమోదించింది. లోక్‌సభలో అది అలాగే మురిగిపోయింది. పెళ్లి చట్టం ప్రకారం అడగడానికి వాటాయే లేని మనిషికి భయపడి మిల్లునే దాచేయడం మనవాళ్లకే చెల్లింది.

ఆమె లెక్క ఎవరూ వేయరు. మిల్లు పెట్టుబడికి తాకట్టు పెట్టినవి ఆమె నగలు. స్త్రీధనం భార్య సొంతమని సుప్రీంకోర్టు 1985లోనే చెప్పింది గానీ, తాకట్టు కొట్టువాడు తీర్పులు చదవడు. స్త్రీకి 51 శాతం వాటా ఉంటే కొత్త యూనిట్‌కు 10 లక్షల నుంచి కోటి దాకా అప్పు ఇప్పించే స్టాండప్ ఇండియా పథకం 2016లో వచ్చింది. దాంతో ఆమె రాత్రికి రాత్రి మహిళా పారిశ్రామికవేత్త అయింది. సంతకం ఆమెది, సంతకం ఎక్కడ పెట్టాలో చూపిన వేలు ఆయనది. ఇవాళ కౌంటర్‌లో ఆయన లాయరు రాస్తాడు: పిటిషనర్‌కు వ్యాపారం ఓనమాలు కూడా తెలియవు. బ్యాంకు మాత్రం ఆమెను మరిచిపోలేదు. బాకీ నోటీసు పుట్టింటి అడ్రసుకే వస్తోంది.

ఆస్తులూ అప్పులూ ప్రమాణం చేసి చెప్పాలని 2020లో రజనేష్–నేహా కేసులో సుప్రీంకోర్టు ఆదేశించింది. అప్పటి నుంచి అబద్ధాలు పద్ధతిగా, కాలమ్‌ల వారీగా వస్తున్నాయి. భరణమంటే మాజీ భర్త సంపదతో సమానం చేయడం కాదని 2024లో అదే కోర్టు చెప్పింది. మంచిదే. ఆ సంపద ఎంతో ముందు తేలాలి కదా!

తేల్చడానికి వాల్యుయర్లు, నిపుణులు, ఏళ్ల తరబడి వాయిదాలు అక్కర్లేదు. చట్టంలో ఒక్క వాక్యం చేర్చండి: భర్త అఫిడవిట్‌లో రాసిన ధరకే మిల్లును కొనుక్కునే మొదటి హక్కు భార్యది.

మర్నాటి ఉదయానికి మిల్లు లాభాల్లో ఉంటుంది.