పిల్లి గుండుకు తొందర లేదు

కుటుంబ నియంత్రణ ఆపరేషన్‌కో, స్కానింగ్‌కో పిల్లి పొట్ట మీద ట్రిమ్మర్ ఆడిస్తారు. కుట్లు రెండు వారాల్లో మానిపోతాయి. బొచ్చు మాత్రం రాదు. నెల దాటినా గులాబీ రంగు చర్మమే. ఇక ఇంటిల్లిపాదీ డాక్టరును అనుమానిస్తారు. నరం తెగిందని ఒకరు, దిష్టి తగిలిందని ఇంకొకరు. నిజానికి ఇందులో డాక్టరు తప్పూ లేదు, పిల్లి లోపమూ లేదు. పిల్లి బొచ్చుకు ఎప్పుడూ పెరుగుతూ ఉండే అలవాటే లేదు. ఉండాల్సిన పొడవు రాగానే కుదురు పని ఆపేసి, పాత వెంట్రుకను పట్టుకుని నెలల తరబడి నిద్రపోతుంది. అది మళ్ళీ లేచేది ముఖ్యంగా పగటి వెలుతురు హెచ్చుతగ్గులను బట్టి. మనం గొరిగిన తేదీ, సెలవులో ఉన్న గుమాస్తాకు పెట్టుకున్న అర్జీలాంటిది. (ట్యూబులైట్ల కింద బతికే పిల్లికి ఋతువులు సరిగా తెలియవు కాబట్టి, దాని బొచ్చు ఏడాది పొడవునా కొద్దికొద్దిగా సోఫాకు బదిలీ అవుతూ ఉంటుంది.) అందుకే పొట్టి బొచ్చు పిల్లికి మూడు నాలుగు నెలలు, పర్షియన్‌కు ఆరు నెలలు, ఒక్కోసారి ఏడాది కూడా పడుతుంది.

తిరుమలలో గుండు కొట్టించుకున్నవాళ్ళకు నెల తిరక్కుండా తల నల్లబడుతుంది కదా, పిల్లికేం రోగం అంటారు. మన తల మీది వెంట్రుకల్లో ఏ రోజు చూసినా నూటికి 85-90 పెరిగే పనిలోనే ఉంటాయి. నెలకు సెంటీమీటరు చొప్పున వాటి పని అవి చేసుకుపోతాయి. ఆ లెక్క పిల్లి పొట్టకు వర్తించదు. గొరిగితే మరింత ఒత్తుగా వస్తుందన్న నమ్మకం పిల్లల పుట్టువెంట్రుకల నాటి నుంచీ ఉన్నదే. కత్తి తగిలేది పైనున్న వెంట్రుకకు, కింద కుదురుకు ఆ కబురే అందదు. పోనీ ఆముదం రాద్దామా? రాయొచ్చు. రాసిన మరుక్షణం పిల్లి దాన్ని నాకేస్తుంది. ఆ తర్వాత మొలిచేది బొచ్చు కాదు, ఇల్లు కడుక్కునే పని.

అలాగని ఆలస్యమంతా సహజమేనని చేతులు ముడుచుకోకూడదు. గొరగని చోట కూడా ఊడుతున్నా, పొట్టు రేగినా, దురద ఉన్నా తామరో, గోమార్ల ఎలర్జీయో కావచ్చు, చూపించాల్సిందే. కొన్ని పిల్లులు బొచ్చు వస్తున్నకొద్దీ నాకి తెంపేస్తాయి. వాటి నాలుక నిండా కొక్కేల్లాంటి ముళ్ళు. అలా నాకిన చోట బొచ్చును వాటంగా కాక ఎదురు నిమిరితే, తెగిన వెంట్రుకల మొండి మొనలు గరుగ్గా తగులుతాయి. నాకుడు ఆపితే చాలు, బొచ్చు దానంతటదే వస్తుంది. వచ్చాకైనా యజమాని శాంతిస్తాడా అంటే, సియామీస్ పిల్లి ఉన్నవాడు శాంతించడు. దాని రంగును చర్మం వేడి నిర్ణయిస్తుంది. చల్లగా ఉండే చెవులు, తోక నల్లబడేది అందుకే. గొరిగిన డొక్క కూడా చల్లబడుతుంది గనక లేత రంగు ఒంటి మీద అక్కడ ముదురు మచ్చ మొలుస్తుంది. డాక్టరు మీద రెండో కేసు! మళ్ళీ బొచ్చు రాల్చి కొత్తది తొడుక్కునేటప్పుడు అదీ పోతుంది. ఎప్పుడంటారా, పిల్లికి వీలైనప్పుడు.