నలభై నిమిషాల్లో నాయనమ్మ మరణం

2014లో 'బిలాంగింగ్' అయిపోయింది. ఆస్ట్రేలియాలో పన్నెండో తరగతి ఇంగ్లీషు పరీక్షకి అదొక అంశం, చెంది ఉండటమని అర్థం. న్యూసౌత్ వేల్స్‌లో ఆ అక్టోబరు పరీక్షే దానికి ఆఖరు. 2015 నుంచి పన్నెండో తరగతి పిల్లలకి 'డిస్కవరీ' అన్నారు. 2009 నుంచి ఎవరు ఎవరికి చెందుతారో తేల్చుకోలేక సతమతమైన పిల్లలు ఒక్క నిర్ణయంతో విముక్తులయ్యారు. దానికి ముందు 'జర్నీస్', అంతకు ముందు 'చేంజ్'. అంటే మారి, బయల్దేరి, ఒకచోట కుదురుకుని, ఆ తర్వాత ఏదో కనిపెట్టబోయారు. సిలబస్ రాసేవాళ్లకి కాశీయాత్ర కథలంటే ప్రీతి కాబోలు.

వెంట్‌వర్త్‌విల్, టూంగాబీ లాంటి సిడ్నీ శివార్లలోని తెలుగిళ్లలో మాత్రం అప్పుడు దిగులే. బట్టీ పట్టిన కథలేం కావాలి?

మన దగ్గర ఈ బిలాంగింగ్ వ్యవహారం రెండు ముక్కల్లో తేలేది. "ఏ ఊరబ్బాయ్? ఎవరి తాలూకు?" అంతే. ఇంగ్లీషులో ఆ మాట మనం విన్నదల్లా విమానాశ్రయంలో, "మీ బిలాంగింగ్స్ జాగ్రత్త" అన్నప్పుడే. బట్టీ పట్టిన ఆ కథలన్నిటిలోనూ ఒక పాత సూట్‌కేసు ఉండేది అందుకేనేమో.

సూట్‌కేసుని క్షమించొచ్చు. నాయనమ్మ సంగతే ఘోరం.

అప్పటి ట్యూషన్ వారి నమూనా కథలో నాయనమ్మ తప్పనిసరి. ఆవిడ కొంగు ఏలకుల వాసన వేయాలి. తెనాలిలో ఉన్న అసలు నాయనమ్మ దగ్గర వచ్చేది అమృతాంజనం వాసన. దానికి మార్కులు రావు. ఆవిడ మనవడికి పులిహోర కట్టివ్వాలి, క్లాసులో పిల్లలు ముక్కు మూసుకోవాలి, వాడు డబ్బా చెత్తబుట్టలో పడేయాలి. పులిహోర అంటే దిద్దేవాళ్లకి తెలియదు కాబట్టి 'కర్రీ' అని రాయాలి. ఇంట్లోంచి వాడు రోజూ పట్టుకెళ్లేది చీజ్ శాండ్‌విచ్. ఆ ముక్క ఎవరికీ చెప్పకూడదు.

ఇక చావు. అప్పట్లో పేపర్ రెండు గంటలు, భాగాలు మూడు, కథకి వచ్చేది నలభై నిమిషాలు, పదిహేను మార్కులు. ముప్పయ్యో నిమిషానికల్లా నాయనమ్మ పోవాలి. లేకపోతే మనవడికి జ్ఞానోదయమయ్యే వ్యవధి చాలదు. మొదటి టెస్టులో గుండెపోటుతో పోయిన మనిషి ట్రయల్ పరీక్షకల్లా మతిమరుపుతో పోతుంది. అందులో మనవణ్ణి గుర్తుపట్టకపోవడం ఒకటి అదనం. చచ్చిన ప్రతిసారీ బయట వాన కురవాలి.

ఇన్నిసార్లు పోయిన ఆవిడ ఆదివారం స్కైప్‌లోకి వచ్చి, "ఆ గడ్డమేంట్రా, గీసుకో" అనేది. కుర్రాడు తలెత్తి చూడలేకపోయేవాడు.

ప్రశ్నలో ఒక బొమ్మో, ఒక వాక్యమో ఇచ్చి దానికి తగ్గట్టు రాయమనేవారు. దీనికి మనవాళ్ల దగ్గర తరతరాల విద్య ఉంది. ఆవు వ్యాసం బట్టీపట్టిన బుడతడు, కొబ్బరిచెట్టు గురించి రాయమంటే ఆవుని తెచ్చి ఆ చెట్టుకి కట్టేశాడు కదా. బొమ్మలో వంతెన ఉంటే నాయనమ్మని వంతెన మీద నడిపించడమే.

పాఠ్యాంశాల్లో ఉన్న పీటర్ స్క్రినెస్కీ అనే కవి 1945లో జర్మనీలో పుట్టి, 1949లో తల్లిదండ్రులతో ఆస్ట్రేలియా చేరాడు. వలస శిబిరం, తండ్రి తోటపని, ఇంట్లో ఒక భాష, బడిలో ఇంకొకటి. అదంతా 'ఇమిగ్రెంట్ క్రానికల్' అనే పుస్తకమయ్యేసరికి 1975 వచ్చింది. ఇరవయ్యారేళ్లు. 'జర్నీస్' నడిచినన్నాళ్లూ ఆయన కవితలు ప్రయాణానికి ఉదాహరణలు. 2009లో అవే కవితలు బిలాంగింగ్‌కి ఉదాహరణలయ్యాయి. వాటిలో ఉపమానాలెన్నో, రూపకాలెన్నో పిల్లలు రంగు పెన్నుతో గీతలు గీసి లెక్కపెట్టారు. ఆయనకు ఇరవయ్యారేళ్లు పట్టిన పని పిల్లాడు నలభై నిమిషాల్లో చేసి చూపించాలి.

ఇక్కడ నవ్వు ఆగిపోతుంది. కాగితం మీద రాయించి మనిషి తమవాడో కాదో తేల్చడం ఈ దేశానికి కొత్త కాదు. 1901 చట్టం ప్రకారం, వచ్చినవాణ్ణి ఏదో ఒక యూరప్ భాషలో యాభై మాటలు డిక్టేషన్ రాయమనేవారు. భాష ఏదన్నది అధికారి ఇష్టం. 1934లో ఎన్నో భాషలొచ్చిన ఎగోన్ కిష్ అనే రచయితని సిడ్నీలో స్కాట్లండ్ గేలిక్‌లో రాయమన్నారు, రాయలేదని నేరస్తుణ్ణి చేశారు. అది చట్టం చెప్పే యూరప్ భాష కిందికి రాదని తర్వాత హైకోర్టు కొట్టేసింది. ఆ డిక్టేషన్ 1958 దాకా బతికింది. బయటికి పంపడానికి అప్పుడు పరీక్ష పెట్టారు. లోపలికి వచ్చినవాడి పిల్లలకి బిలాంగింగ్ పేరుతో పెట్టింది మర్యాదస్తుల పరీక్ష: నువ్వెక్కడా ఇమడలేదని ఏడువు, చివరి పేరాలో ఇమిడిపో, బాగా ఏడిస్తే పదిహేనుకి పదిహేను. స్నేహితులతో హాయిగా క్రికెట్ ఆడుకుంటున్న పదిహేడేళ్ల పిల్లాడి చేత లేని గాయం గీరించడం ఏం చదువు? నిజంగానే బస్సులో ఎవరో "మీ దేశం పో" అన్న పిల్ల ఉంటే, ఆ మాటకి ఎన్ని మార్కులు పలుకుతాయో లెక్కేసుకోవడం నేర్పడం ఏం న్యాయం?

డిస్కవరీ రాకముందే ట్యూషన్లలో హడావుడి మొదలైంది. కొత్త కథ అక్కర్లేదన్నారు. నాయనమ్మ యథాప్రకారం పోతుంది, వాన కురుస్తుంది. ఆరేళ్లుగా మూసి ఉన్న సూట్‌కేసు మాత్రం ఈసారి తెరుస్తారు, అందులో ఒక ఉత్తరం దొరుకుతుంది. అది తాతయ్య రాసిందా, ఇంకెవరైనా రాసిందా అన్నదొక్కటే అప్పటికింకా తేలలేదు.