తడిసినవాడే ధన్యుడు

ఇంగ్లండులో ఇప్పుడొక మోక్షమార్గం బాగా చెలామణిలో ఉంది. వీపున సంచి తగిలించుకుని, సముద్రం పక్కన కొండచరియల మీద పొద్దస్తమానం నడవాలి. వాన పడాలి. పడకపోతే పుణ్యం సగమే. చీకటి పడ్డాక ఎవరిదో పొలం మూల, ఎవరి కంటా పడకుండా గుడారం వేసి, తడిబట్టలతో ముడుచుకుని పడుకోవాలి. తెల్లారి లేచి, ప్రకృతిలో కలిసిపోయానని, స్వేచ్ఛ అంటే ఇదేనని లోకానికి చాటాలి. దీని పేరు వైల్డ్ క్యాంపింగ్. అక్కడ స్థిరపడ్డ మన కుర్రాళ్ళలోనూ కొందరికి ఈ ముచ్చట అంటుకుంది. "వానలో ఆరుబయట పడుకోడమేమిట్రా, ఇల్లు ఖాళీ చేయించారా?" అని గుంటూరులో తల్లి కంగారు పడితే, "నీకు అర్థం కాదులే అమ్మా" అంటాడు కొడుకు. ఆవిడ అడిగిందే అసలు ప్రశ్న. దాని సంగతి చివర్లో చూద్దాం.

నడక గొప్పదనం తెలుగువాళ్ళకు ఒకరు చెప్పక్కర్లేదు. 2003లో చేవెళ్ళ నుంచి ఇచ్ఛాపురం దాకా 1,475 కిలోమీటర్లు నడిచినాయన మరుసటేడు ముఖ్యమంత్రి అయ్యాడు. తర్వాత నడిచిన మరో ఇద్దరికీ అదే ఫలం దక్కింది. ఇంగ్లండు నైరుతి తీరంలో మైన్‌హెడ్ నుంచి పూల్ హార్బర్ దాకా సాగే సౌత్ వెస్ట్ కోస్ట్ పాత్ పొడవు 1,014 కిలోమీటర్లు. ఎక్కే ఎత్తులన్నీ కలిపితే ఎవరెస్టుకు దాదాపు నాలుగింతలు. అంతా నడిచినా వార్డు మెంబరు పదవి కూడా రాదు. బొబ్బలు మాత్రం గ్యారంటీ.

అందులో హార్ట్‌లాండ్ క్వే నుంచి బ్యూడ్ దాకా ఉన్న పాతిక కిలోమీటర్ల ముక్కకు భక్తులు ఎక్కువ. పది లోయలు. కష్టపడి కొండెక్కుతారు, ఎక్కిన వెంటనే వాగు దాకా దిగుతారు, వాగు దాటి మళ్ళీ ఎక్కుతారు. వానలో ఆ బురద మెట్ల మీద జారుతూ, 'ఇంత బుద్ధిలేకుండా దారి ఎవడు వేశాడు' అని తిట్టుకోని యాత్రికుడు ఉండడు. వేసినవాళ్ళు బుద్ధిమంతులే. సుంకం ఎగ్గొట్టి బ్రాందీ, పొగాకు, తేయాకు ఒడ్డుకు చేరవేసే దొంగ రవాణాదారుల్ని పట్టుకోడానికి కోస్ట్‌గార్డులు పందొమ్మిదో శతాబ్దంలో గస్తీ తిరిగి తిరిగి తొక్కిన బాట అది. ప్రతి గుంతలోకీ, ప్రతి ఇసుక మూలలోకీ తొంగిచూడాలి కనుక ఎక్కడా అడ్డదారి లేదు. ఇందులో నాకు నచ్చిన వింత ఒకటుంది. ఒకప్పుడు దాక్కున్నవాళ్ళని వెతకడానికి నడిచిన బాట మీదే ఇప్పుడు నడిచేవాళ్ళు దాక్కుంటున్నారు. కోస్ట్‌గార్డుకు జీతమన్నా ఉండేది.

అదే దారిలో మోర్వెన్‌స్టో దగ్గర కొండ అంచున ఒక చెక్క గుడిసె కనిపిస్తుంది. పాత కట్టడాలను కాపాడే నేషనల్ ట్రస్టు ఆస్తులన్నిటిలోకీ చిన్నది. పగిలిన ఓడల చెక్కలతో దాన్ని కట్టుకున్నాయన ఆ ఊరి చర్చి పాదిరీ రాబర్ట్ స్టీఫెన్ హాకర్. అందులో కూర్చుని నల్లమందు పీల్చేవాడు, కవిత్వం రాసేవాడు. ఇవాళ్టి యాత్రికులకు ఈ రెండూ తెగ నచ్చుతాయి. ఆయన చేసిన మూడో పని మాత్రం ఫొటోలకు పనికిరాదు. తుఫానులో ఓడలు పగిలి ఒడ్డుకు కొట్టుకొచ్చిన నావికుల శవాలను ఏరించి, ఆ కొండ మీదికి మోయించి, చర్చి ఆవరణలో గౌరవంగా పాతిపెట్టించేవాడు. అలా నలభై మందికి పైనే. 1842లో మునిగిన కాలెడోనియా ఓడ ముందుభాగపు బొమ్మ ఆ ఓడ నావికుల సమాధికి గుర్తుగా నిలిచింది. ఆ తీరంలో వాన మనిషిని 'కలిపేసుకోడం' అంటే ఏమిటో ఆయనకు తెలుసు.

మన యాత్రికుడు మాత్రం ప్రకృతిలో కలవడానికి వెళ్తూ ప్రకృతి తనకు తగలకుండా సకల ఏర్పాట్లూ చేసుకుంటాడు. కిలో కూడా తూగని గుడారానికి యాభై వేల రూపాయల పైమాటే. బరువు తగ్గించాలని టూత్‌బ్రష్ పిడి కోసేసే మహానుభావులున్నారు. పొట్ట మీది అయిదు కిలోల జోలికి మాత్రం పోరు. ఇక ఆ కోటు! వాన లోపలికి రాదట, చెమట బయటికి పోతుందట. చెమట ఆవిరి బయటికి పోవాలంటే బయటి గాలి లోపలికన్నా పొడిగా ఉండాలి. జోరు వానలో గాలి నిండా తేమే. కాబట్టి బయట వాన, లోపల చెమట, రెంటి మధ్య నలభై వేల కోటు. రాత్రి గుడారంలోనూ ఇదే కథ. మనిషి వదిలిన ఊపిరే చల్లటి గుడ్డకు నీరై పట్టి, తెల్లవారుజామున ముఖం మీద బొట్లు బొట్లుగా రాలుతుంది. పాపం, దాన్నీ వాన అనే రాసుకుంటారు.

పొద్దున్నే మరో కార్యక్రమం. టైటానియంతో చేసిన బుల్లి తాపీ ఒకటి అమ్ముతారు. దాంతో పదిహేను సెంటీమీటర్ల లోతు గొయ్యి తీసి, పని కానిచ్చి, పూడ్చేయాలి. చెంబు పట్టుకుని పొలాలకు వెళ్ళేవాళ్ళని సిగ్గుపడమని మన ప్రభుత్వాలు ఊరూరా గోడల మీద రాయించాయి. అక్కడ అదే పని తాపీ పట్టుకుని చేస్తే పర్యావరణ స్పృహ.

ఇప్పుడు గుంటూరు తల్లి ప్రశ్నకు వద్దాం. ఇంగ్లండులో యజమాని అనుమతి లేకుండా అతని భూమిలో గుడారం వేసే హక్కు లేదు. డెవన్‌లోని డార్ట్‌మూర్ ఉమ్మడి భూముల్లో మాత్రం ఉంది. దాని మీదా ఒక భూస్వామి కోర్టుకెక్కాడు. గుడారంలో పడుకోడం చట్టం అనుమతించిన ఆరుబయట వినోదం కాదని 2023 జనవరిలో హైకోర్టు అంది. అవునని జులైలో అప్పీలు కోర్టు అంది. అవునని 2025 మేలో సుప్రీంకోర్టులో అయిదుగురు జడ్జీలు ఏకగ్రీవంగా తేల్చారు. నిద్ర సుఖమో కాదో తేల్చడానికి రెండేళ్ళ పైచిలుకు! అరుగు మీది తాతగారినడిగితే అక్కడే చెప్పేవాడు, లేపకుండా ఉంటే.

మరి వినోదం కోసం కాకుండా, గతిలేక గుడారంలో పడుకున్నవాడి సంగతో? వాడి కోసమే 1824లో దిమ్మరుల చట్టం వచ్చింది. నెపోలియన్ యుద్ధాల తర్వాత వీధిన పడ్డ సైనికులను దృష్టిలో పెట్టుకుని చేసింది. బతుకుతెరువు కనబడకుండా ఆరుబయట గానీ, గుడారం కింద గానీ పడుకుంటే నేరమని అందులో రాశారు. దాన్ని రద్దు చేస్తూ 2022లో పార్లమెంటు చట్టం చేసింది గానీ, ఆ రద్దు వెంటనే అమల్లోకి రాలేదు. అంటే ఒకే వాన, ఒకే గుడారం. జేబులో కార్డుంటే సాహసికుడు, లేకపోతే నేరస్థుడు. "ఇల్లు ఖాళీ చేయించారా?" అని అడిగిన తల్లికి ఈ తేడా చట్టం చదవకుండానే తెలుసు.

నడవండి నాయనా, తడవండి కూడా, ఎవరొద్దన్నారు? ఈసారి స్వేచ్ఛ గురించి ఫొటో పెట్టేటప్పుడు, పక్కనే గుడారం కొన్న బిల్లు, తిరుగు టికెట్ కూడా పెట్టండి.