పంటి చీటీకి టీకా తాత్పర్యం

మూలం:
36 – ఓల్డ్ ఆర్‌సీటీ ఫెయిల్డ్. అడ్వైజ్: రీ-ఆర్‌సీటీ. క్యాప్ ఎక్స్‌ట్రా.

అవతారిక: పంటి డాక్టరు గారు నోట్లో అద్దం పెట్టి, ఎక్స్‌రే తీసి, రోగికి ప్రసాదించిన సూత్రమిది. మూలంలో లేనిదేదీ రాయనని ప్రతిజ్ఞ పూనిన కావ్యవ్యాఖ్యాత మల్లినాథసూరి మన మెదక్ సీమ కొలిచెలమ వాడు. ఆయన బాటలోనే మేమూ పంటి మూలం దాటి పోము.

టీక: 36. శంక: మనిషికి ఉన్నవే 32 పళ్లు, ముప్పై ఆరోది ఎక్కడిది? సమాధానం: ముప్పై ఆరని చదివితే అన్వయం చెడుతుంది. మూడు, ఆరు అని పదవిభాగం. నోటిని పద్యంలా నాలుగు పాదాలు చేసి, రోగి కుడి పైదవడ నుంచి చుట్టూ లెక్కిస్తే మూడో పాదం ఎడమ కింది దవడ. అందులో ముందుపంటి నుంచి ఆరో అక్షరం ఈ దంతం. ఆరేళ్ల వయసులో పాలపళ్ల వెనక మొలుస్తుంది కనుక ఇదీ ఊడిపోయేదే కదా అని పెద్దలు ఉపేక్షిస్తారు. పుచ్చు ఉపేక్షించదు.

ఓల్డ్ ఆర్‌సీటీ = పాడైన నరం తీసి, వేరులోని కాలువలను ఫైళ్లతో గీకి, మందునీళ్లతో కడిగి, గట్టాపర్చా పుల్లలు కూరి మూసిన వెనకటి వైద్యం. గట్టాపర్చా మలయా అడవుల చెట్టుపాలు. 1866లో అట్లాంటిక్ అడుగున పరిచిన తంతి తీగకు తొడుగు ఇదే. మహాసముద్రాన్ని ఆపిన పదార్థం మన ఎంగిలిని ఆపలేకపోవడం విరోధాభాసం.

ఫెయిల్డ్ = నిలవలేదు. వ్యాఖ్యాతలు కొట్టుకునేది ఇక్కడే. క్రియ ఉంది, కర్త లేడు, అధ్యాహారం చేసుకోవాలి. కొత్త డాక్టరు సంప్రదాయంలో కర్త పాత డాక్టరు. పాత డాక్టరు సంప్రదాయంలో రోగి. రోగి సంప్రదాయంలో ఇద్దరు డాక్టర్లూ. మొదటి పక్షానికి బలముంది: ఈ పంటికి సాధారణంగా మూడు కాలువలు, కొందరికి వెనక వేరులో నాలుగోది దాగి ఉంటుంది. దాన్ని తెరవకపోతే క్రిములు అందులోనే కాపురం పెడతాయి. రెండో పక్షమూ తక్కువది కాదు. నొప్పి తగ్గింది కదా అని సంక్రాంతి వెళ్లాక, అమ్మాయి పెళ్లయ్యాక అంటూ క్యాప్ వాయిదా వేసేవారు ఎందరో. ఈలోగా పైన పెట్టిన తాత్కాలిక సిమెంటు అరిగి, ఎంగిలి లోపలికి దిగుతుంది. వంకర వేరు కూడా ఒక కర్తే. దాన్ని ఎవరూ తిట్టరు. మా సిద్ధాంతం: పాత ఎక్స్‌రే, కొత్త ఎక్స్‌రే పక్కపక్కన పెట్టి చూడనిదే కర్తృనిర్ణయం చెల్లదు.

మరో శంక: నరమే లేని పన్నుకు నొప్పేమిటి? సమాధానం: నొప్పి పన్నుది కాదు, వేరుకొనను పట్టుకున్న పొరది, ఎముకది. అందుకే చన్నీళ్లకు జివ్వుమనదు, జంతిక కొరికితే ప్రాణం లాగుతుంది. ఒక్కోసారి అసలు నొప్పే ఉండదు. ఎక్స్‌రేలో వేరుకొన దగ్గర నల్లమచ్చ మాత్రం కనిపిస్తుంది.

అడ్వైజ్: ఇది విధివాక్యం కాదు, సలహా. వేరే దారులూ ఉన్నాయి. చిగుళ్లు కోసి వేరుకొన కత్తిరించి మూసే పద్ధతి ఒకటుంది. పీకించుకోవడం సరేసరి. వేరు నిలువునా చీలి ఉంటే మాత్రం మళ్లీ మళ్లీ కడిగినా ప్రయోజనం లేదు, పీకవలసిందే.

రీ = మళ్లీ. శ్రమంతా ఈ ఏకాక్షరంలోనే ఉంది. పాత క్యాప్ ఉంటే కోసి తీయాలి. గట్టాపర్చాను నారింజతొక్క నూనెలాంటి ద్రావకంతో మెత్తబరిచి తవ్వాలి. ఊదారంగు పిడి పది నంబరు ఫైలు, కొన 0.10 మిల్లీమీటర్లు, కాలువలోకి దిగుతుంది. పెదవికి తగిలించిన కొక్కెం తీగ ఒక యంత్రానికి కలిసి ఉంటుంది. ఫైలు వేరుకొనను సమీపించేకొద్దీ అది బీప్ బీప్‌మని తొందరపడుతుంది. రోగికి ఆ మోత తన గుండెదే అనిపిస్తుంది. కడిగాక చాలామంది డాక్టర్లు కాల్షియం హైడ్రాక్సైడ్ పెట్టి ఒకటి రెండు వారాలు ఆగమంటారు. పేరు విని జడవనక్కర్లేదు, తాంబూలంలో రాసుకునే సున్నమే అది.

తాత్పర్యం: ఎడమ కింది దవడ ఆరో పంటికి చేసిన వేరు వైద్యం నిలవలేదు. విప్పి, కడిగి, మళ్లీ మూయాలి. డబ్బూ మళ్లీ కట్టాలి. ఈ చివరి మాట మూలంలో వాచ్యంగా లేదు, ధ్వని.

విశేషం: క్యాప్ ఎక్స్‌ట్రా అనగానే అది ఇష్టమైతే వేయించుకునే వస్తువని పామరులు భ్రమిస్తారు. లోపలంతా తవ్విన దవడపన్ను కొరుకుడు బరువుకు చీలకుండా కాచేది ఆ తొడుగే. ఎక్స్‌ట్రా అన్నది రేటుకు విశేషణం, అవసరానికి కాదు. కాబట్టి కుర్చీ ఎక్కకముందే క్యాప్‌తో కలిపి మొత్తం ఎంతవుతుందో అడిగి, అదే చీటీ వెనక రాయించుకోండి. అంత డబ్బు చేతిలో లేకపోతే దాచకుండా చెప్పండి. కనీసం గట్టి ఫిల్లింగ్ అయినా పెట్టి పంపుతారు.