ఎప్పటికీ ఫెయిలవని సార్టింగ్ టెస్టు రాయడం ఎలా?

మార్కుల జాబితా చూపించే వెబ్ పేజీ మీ చేతికొచ్చింది. ‘పేరు’ మీద నొక్కితే పేర్ల వరుస, ‘మార్కులు’ మీద నొక్కితే మార్కుల వరుస. ఆటోమేటెడ్ టెస్టు రాస్తే తప్ప కోడ్ మెర్జ్ చెయ్యనని టీమ్ లీడ్ భీష్మించుకు కూర్చున్నాడు. కంగారు పడకండి. టెస్టులున్నది తప్పులు పట్టుకోవడానికని ఎవరో పుకారు పుట్టించారు గానీ, శుక్రవారం సాయంత్రం అందరికీ కావలసింది ఆకుపచ్చ టిక్కే.

మీ కష్టమంతా నమూనా డేటా మీద పెట్టండి. ముగ్గురు విద్యార్థులు చాలు: అనిత, కమల, రమణ. మార్కులు 60, 70, 80. ఇదే క్రమంలో డేటాబేస్‌లోకి ఎక్కించండి. ఇప్పుడు ఐడీ ప్రకారం చూసినా, చేర్చిన తేదీ ప్రకారం చూసినా, పేరు, మార్కులు దేని ప్రకారం చూసినా వరుస ఒకటే. కోడ్ తప్పు కాలమ్‌ని సార్ట్ చేసినా పాసే. అసలు సార్టే చెయ్యకపోయినా బహుశా పాసే. ‘ఆర్డర్ బై’ రాయనప్పుడు ఫలానా వరుసలో ఇస్తానని ఎస్‌క్యూఎల్ ఏ హామీ ఇవ్వదు. అయినా చిన్న టేబుల్ అయితే చాలావరకు చేర్చిన వరుసలోనే ఇచ్చేస్తుంది. పోస్ట్‌గ్రెస్‌లో ఒక్క చిక్కుంది: అక్కడ అప్‌డేట్ అంటే పాత రికార్డును దిద్దడం కాదు, కొత్త ప్రతి రాయడం. అనితకు రీవాల్యుయేషన్‌లో రెండు మార్కులు కలిపారంటే ఆమె జాబితా చివరికి జారిపోవచ్చు. కాబట్టి మీ టెస్టులో ఎవరికీ రీవాల్యుయేషన్ వద్దు.

అందరికీ రెండంకెల మార్కులే వెయ్యండి. జావాస్క్రిప్ట్‌లో సార్ట్‌ని ఉత్తినే పిలిస్తే అంకెలను కూడా అక్షరాలుగా మార్చి పోలుస్తుంది. దాన్ని తిరగేసి ఎక్కువ మార్కులను పైన చూపిస్తే 9 మార్కులవాడు క్లాసు ఫస్టు, 100 తెచ్చుకున్న పిల్ల అట్టడుగున. ఈ ఇద్దరినీ నమూనాలోకి రానిచ్చారో, మీ శనివారం గోవిందా.

ఇక సరిచూసే వాక్యం. జావాస్క్రిప్ట్ సార్ట్ కొత్త జాబితా తయారు చెయ్యదు. ఉన్నదాన్నే అటూ ఇటూ జరిపి, దాన్నే తిరిగి చేతిలో పెడుతుంది. అంచేత పేజీ నుంచి వచ్చిన జాబితాను తీసుకుని, దాన్నే సార్ట్ చేసి, ‘ఈ రెండూ ఒకటేనా?’ అని అడగండి. ఒకటే మరి! పెళ్లికొడుకు గుణగణాలను వాళ్లమ్మనే అడిగి రాసుకున్నంత భరోసా. మూలాన్ని కదపకుండా కాపీ ఇచ్చే ‘టుసార్టెడ్’ని 2023 ప్రమాణంలో చేర్చారు. దాని జోలికి పోకండి.

సమాన మార్కుల గొడవా వద్దు. ఒకే మార్కులున్నవాళ్లలో ఎవరు ముందో చెప్పకపోతే డేటాబేస్ ఒక్కో క్వెరీకి ఒక్కోలా ఇవ్వొచ్చు. పేజీకి 20 మంది చొప్పున లిమిట్, ఆఫ్‌సెట్‌లతో తెస్తుంటే ఒకమ్మాయి మొదటి పేజీలోనూ, రెండో పేజీలోనూ కనిపిస్తుంది, ఇంకొకామె ఏ పేజీలోనూ కనిపించదు. ఆర్డర్ బై చివర ఐడీని కలిపితే పోయేదానికి టెస్టెందుకు? ముగ్గురితోనే టెస్టు రాయమన్న పెద్దల ముందుచూపు చూడండి: 2018లో క్రోమ్ 70 వచ్చేదాకా, ఆ బ్రౌజర్‌లో సార్ట్ చేస్తే సమాన విలువల క్రమం చెడిపోయే ప్రమాదం 10కి మించిన జాబితాలకే ఉండేది.

పరీక్ష రాయనివాడి మార్కులు నల్. పోస్ట్‌గ్రెస్ నల్‌ని అన్నిటికన్నా పెద్దదిగా లెక్కిస్తుంది, ఎస్‌క్యూలైట్ అన్నిటికన్నా చిన్నదిగా. మీ ల్యాప్‌టాప్‌లో ఎస్‌క్యూలైట్, సర్వర్‌లో పోస్ట్‌గ్రెస్ ఉంటే టెస్టులో ఆబ్సెంటు బుద్ధిగా అడుగున ఉంటాడు, అసలు సైట్‌లో ర్యాంకుల పట్టిక నెత్తినెక్కుతాడు. అది ఆపరేషన్స్ వాళ్ల సమస్య.

తెలుగు పేర్లలో కళ్యాణిని పిలవకండి. బడిలో నేర్చిన వరుసలో ‘ళ’ది ‘హ’ తర్వాతి చోటు, యూనికోడ్‌లో ‘ల’ పక్కనే. ఉత్త కోడ్ నంబర్లను బట్టి పేరిస్తే కళ్యాణి కవితకన్నా ముందొస్తుంది. అప్పుడు కొలేషన్ అంటే ఏమిటో చదవాలి.

అప్పుడప్పుడూ టెస్టు ఎర్రబడితే మధ్యలో రెండు సెకన్లు స్లీప్ పెట్టండి, ఫెయిలైతే మూడుసార్లు మళ్లీ నడపమనండి.

ఇంత చేశాక కూడా ఒక ప్రమాదముంది. కొత్తగా చేరిన అమ్మాయెవరో రమణను ముందు ఎక్కించి, తర్వాత 9, 100 మార్కులవాళ్లను, ఒక ఆబ్సెంటును, సమాన మార్కుల కవలలను కలగాపులగంగా చేర్చి, రావలసిన వరుసను చేత్తో రాసి టెస్టు పంపుతుంది. పైగా ఆర్డర్ బై లైను తీసేసి, టెస్టు ఎర్రబడిందని నిర్ధారించుకున్నాకే పంపానంటుంది. సోమవారం నుంచి ఆమెను డాక్యుమెంటేషన్‌కి మార్చెయ్యండి.