రౌటరు పద్యానికి సంకేతసంజీవనీ వ్యాఖ్య

అవతారిక

ఈ తేటగీతి కర్త ఎవరో తెలియదు. మకుటం లేదు, అంకితం పుచ్చుకున్న ప్రభువు లేడు. "కొట్టులోన" అన్న మాటను బట్టి ఆయన సికింద్రాబాద్ పార్క్ లేన్‌లో చెనాయ్ ట్రేడ్ సెంటర్ మెట్లు ఎక్కి దిగినవాడని ఊహ. జనం దాన్ని సీటీసీ అంటారు. "కొమ్ములు" అన్నాడు కనుక పద్యం మరీ పాతది కాదు, రౌటర్లకు నాలుగేసి యాంటెన్నాలు మొలిచిన తరువాతిదే.

మల్లినాథ సూరిది మెదక్ జిల్లా కొల్చారం. కాళిదాసు కావ్యాలకు సంజీవని రాసిన ఆ మహానుభావుడు, మూలంలో ఆధారం లేనిది రాయననీ, అక్కర్లేనిది చెప్పననీ మాట ఇచ్చాడు. ఆయన వ్యాఖ్య పేరు అప్పు తెచ్చుకుని దీనికి సంకేతసంజీవని అని పెట్టుకున్నాను. ఆయన ఇచ్చిన రెండు మాటల్లో మొదటిది నేనూ ఇస్తాను. రెండోది ఇవ్వలేను.

పద్యం

గోడ లెన్నియొ లెక్కించి కొనుము గాని
కొమ్ము లెన్నియొ చూడకు కొట్టులోన;
వేగ మంకెలఁ గాదది వెనుక నున్న
తూము కొలఁదియె, నట్టింట దొరను నిలుపు.

ప్రతిపదార్థం

(ఓ గృహస్థుడా అని సంబోధన అధ్యాహార్యము.) గోడలు + ఎన్నియొ = నీ ఇంట గోడలెన్ని కలవో; లెక్కించి = వేళ్లు మడిచి ఎంచి; కొనుము కాని = అటుపిమ్మటనే కొనుము గాని; కొట్టులోన = దుకాణమునందు, సేల్స్ అబ్బాయి గుక్క తిప్పుకోక చెప్పుచుండగా; కొమ్ములు + ఎన్నియొ = యాంటెన్నాలెన్నో; చూడకు = కన్నెత్తి చూడవలదు; వేగము = డౌన్‌లోడు వడి; అంకెలన్ + కాదు = అట్టపెట్టె మీది అంకెలలో లేదు; అది = ఆ వేగము; వెనుకన్ + ఉన్న = రౌటరు వెనుక భాగముననున్న; తూము = ఇంటర్నెట్ తీగ వచ్చి చేరు వాన్ పోర్టు యొక్క; కొలఁదియె = పరిమాణమును బట్టియే యుండును; నట్టింట = ఇంటి నడుమ; దొరను = రౌటరును; నిలుపు = నెలకొల్పుము.

తాత్పర్యం

ఇంటి గోడల లెక్క చూసుకుని రౌటరు కొనుక్కో. అంగట్లో దాని యాంటెన్నాలు చూసి మురిసిపోకు. పెట్టె మీది పెద్ద అంకె వేగం ఇవ్వదు. వెనకనున్న పోర్టు ఎంత పట్టగలదో నీకు దక్కేది అంతే. కొన్నదాన్ని ఇంటి మధ్యన పెట్టుకో.

విశేషాలు

"గోడ లెన్నియొ": పద్యం గోడతో మొదలవడం గమనించాలి. రౌటరు మీద చెప్పిన పద్యంలో రౌటరు నాలుగో పాదం చివరకు గానీ రాదు. కొనేవాడి ఆలోచన కూడా ఇదే వరసలో నడవాలని కవి అభిమతం. మనవాళ్లు సరిగ్గా తలకిందులుగా వెళతారు. ముందు రౌటరు తెస్తారు, తరువాత గోడల మీద కోప్పడతారు.

వైఫైకి ప్రధానంగా రెండు పట్టీలు. 2.4 గిగాహెర్ట్జ్ తరంగం పొడవు సుమారు 12 సెంటీమీటర్లు, 5 గిగాహెర్ట్జ్‌ది అందులో సగం. మొదటిది నెమ్మది, కానీ గోడలు దాటే ఓపిక ఉంది. రెండోది వడి గలది, రెండో గోడ దగ్గరే డీలా పడుతుంది. మన ఇళ్లలో బయటి గోడ తొమ్మిదంగుళాలు, లోపలి గోడ నాలుగున్నర, ఇనుప చువ్వల స్లాబు అన్నిటికన్నా గడ్డుది. పెట్టె మీద పొగిడే వేగంలో ఎక్కువ భాగం 5 గిగాహెర్ట్జ్‌దే కాబట్టి, మీ పడకగదికీ రౌటరుకీ మధ్య ఎన్ని గోడలన్నదే అసలు ప్రశ్న.

"గోడ" ఇక్కడ ఉపలక్షణం. పెరుగును కాకులు ముట్టకుండా చూడమంటే పిల్లిని రానివ్వమని కాదు కదా. కనుక ఉక్కు బీరువా, ఫ్రిజ్, నిలువుటద్దం, చేపల తొట్టి కూడా గోడల కిందే జమ. ఇనుము, అద్దం వెనక పూత తరంగాన్ని తిప్పికొడతాయి, నీళ్లు పీల్చుకుంటాయి.

ఈ పాదం విలువ తెలియాలంటే కనెక్షన్ ఇచ్చే రోజు ఇంట్లో ఉండాలి. వచ్చిన అబ్బాయి "ఎక్కడ పెట్టమంటారు సార్?" అని అడుగుతాడు. అడుగుతూనే డ్రిల్లింగ్ మిషన్ ప్లగ్గు పెడతాడు. వీధి స్తంభం మీంచి వచ్చిన ఫైబరు తీగ బాల్కనీ గ్రిల్లు దగ్గర చుట్ట చుట్టుకుని ఉంటుంది. దానికి దగ్గరగా ఉన్న కిటికీ మూలే అతనికి శుభస్థానం. ఇటిక పొడి చెప్పుల స్టాండు మీద రాలుతుంది, తెల్ల పెట్టె టీవీ వెనక్కి పోతుంది. చివరి గదిలో ఆన్‌లైన్ పాఠం వినే పిల్ల సంగతి సాయంత్రానికి గానీ బయటపడదు. అతను రాకముందే గోడలు లెక్కపెట్టి చోటు చెప్పినవాడే ఈ పద్యానికి అధికారి.

కంటికి కనబడని గోడ ఇంకొకటుంది, ఇరుగుపొరుగు. 2.4 పట్టీలో ఒకదానిపై ఒకటి పడని చానళ్లు మూడే: 1, 6, 11. అపార్టుమెంటులో ఇరవై రౌటర్లు ఆ మూడింటి మీదే కాపురం. వైఫై పరికరం ముందు చెవి పెట్టి విని, ఎవరూ మాట్లాడడం లేదని తేలాకే నోరు తెరుస్తుంది. సభామర్యాద మంచిదే కానీ, సభ కిక్కిరిసినప్పుడు ఎవరి వంతూ త్వరగా రాదు. మైక్రోవేవ్ ఓవెన్‌కు ఆ మర్యాద కూడా తెలియదు, అదే పట్టీలో వంట చేస్తుంది. అలాంటి చోట దగ్గరి గదుల్లో 5 గిగాహెర్ట్జ్ వాడుకోవడమే మేలు. అక్కడ చానళ్లు ఎక్కువ, పైగా పొరుగువాడి సిగ్నలును గోడలే ఆపుతాయి. దోషమే గుణమైంది, దీన్ని ఆలంకారికులు ఏమంటారో వాళ్లే తేల్చుకోవాలి.

"కొమ్ము లెన్నియొ": అలంకారం రూపకాతిశయోక్తి. ఉపమేయమైన యాంటెన్నాను మింగేసి ఉపమానమైన కొమ్మును మాత్రమే చెప్పాడు. తూము, దొర కూడా అంతే.

ఆక్షేపం: కొమ్ములు పెరిగితే సిగ్నలు ఎక్కువ దూరం పోదా? సమాధానం: ఆ లెక్కన పోదు. పెట్టె మీద 1200 అంకె ఉన్న నాలుగు యాంటెన్నాల రౌటరులో సాధారణంగా రెండు ఒక పట్టీకి, రెండు ఇంకో పట్టీకి. అవతల ఫోనులో ఉండేదీ మామూలుగా ఒక జతే. ఇక పెట్టె మీద యాంటెన్నా గొప్పగా రాసే "5 డీబీఐ" సంగతి. యాంటెన్నా శక్తిని పుట్టించదు, ఉన్నదాన్ని పక్కలకు నొక్కి పంపుతుంది. పక్కలకు సాగినంత మేరా పైకీ కిందకీ తగ్గుతుంది. ఒకే అంతస్తు ఫ్లాటుకు అది లాభం, డూప్లెక్స్‌లో మేడ మీది గదికి అన్యాయం. పైగా సంభాషణ రెండు వైపులా నడవాలి. రౌటరు ఎంత గట్టిగా పలికినా, చిన్న బ్యాటరీ మీద బతికే ఫోను మెల్లిగానే బదులిస్తుంది. గీతలన్నీ నిండుగా ఉండి పేజీ తెరుచుకోకపోవడానికి ఇదొక కారణం.

"వేగ మంకెలఁ గాదది": పెట్టె మీద ఏసీ 1200 అంటే 2.4 గిగాహెర్ట్జ్ మీద 300, 5 మీద 867 మెగాబిట్లు. కలిపితే 1167. దాన్ని చక్కగా 1200 చేశారు. ఏఎక్స్ 3000 అంటే 574కు 2402 కలిపి పైకి సవరించిన అంకె. వైఫై 7కు ముందు తరాల్లో ఒక ఫోను సాధారణంగా ఒక సమయంలో ఒక పట్టీ మీదే ఉంటుంది కనుక ఈ మొత్తాన్ని మామూలు ఫోను కళ్లజూడదు. ఉన్న పట్టీ వేగంలోనూ వినడానికి, ఆగడానికి, అందిందని చెప్పడానికి పోగా చేతికందేది సగానికి అటూ ఇటూ.

పాఠాంతరం: కొన్ని ప్రతుల్లో "వేగ మంకెల గారడి" అని ఉంది. గణాలు, యతి చెడలేదు, వినడానికి ఇంపుగా కూడా ఉంది. దుకాణంలో మోసపోయిన లేఖకుడెవరో దిద్ది ఉంటాడు. నేను అంగీకరించను. అంకెలు అబద్ధం కావు, ప్రయోగశాలలో గోడలు లేనప్పుడు నిజాలే. పైగా "అది" పోతే తరువాతి పాదంలోని తూముకు అన్వయం తెగిపోతుంది.

వైఫై 7 కొనాలా అని శిష్యులు అడుగుతారు. ఫోను వైఫై 5వ తరానిదీ రౌటరు 7వ తరానిదీ అయితే మాటలు 5వ తరం భాషలోనే నడుస్తాయి. వైఫై 6లో ఒకే వంతులో నలుగురికి పంచిపెట్టే ఏర్పాటు ఉంది కనుక పరికరాలు ఎక్కువైన ఇంటికి అది పనికొస్తుంది. మామూలు సంసారికి గిగాబిట్ పోర్టులున్న రెండు పట్టీల వైఫై 6 చాలునని నా మతం. పెద్ద ఇల్లూ కొత్త ఫోన్లూ ఉన్నవారితో నాకు వాదం లేదు.

"తూము కొలఁదియె": పద్యానికి ప్రాణం ఇక్కడుంది. చెరువు కింద సాగు చేసినవారికి వేరే చెప్పక్కర్లేదు. పెట్టె ముందు 1200 అని ఉండి, వెనక పోర్టు 100 మెగాబిట్లది మాత్రమే అయిన రౌటర్లు అంగట్లో దర్జాగా అమ్ముడుపోతున్నాయి. ఇందులో దాపరికం లేదు, పెట్టె పక్కన చిన్న అక్షరాల్లో 10/100 అని రాసే ఉంటుంది. ఉండవలసింది 10/100/1000. ఆ 10/100 పక్కనే "ఫాస్ట్ ఈథర్నెట్" అని గొప్పగా ఉంటుంది. ఆ ప్రమాణం వచ్చిన 1995లో అది నిజంగానే ఫాస్ట్.

300 మెగాబిట్ల ప్లానుకు నెలనెలా కట్టి 100 తూము పెట్టుకున్నవారికి స్పీడ్ టెస్టు ముల్లు 94 దగ్గర ఆగుతుంది. దీన్ని పట్టుకోవడం తేలిక. గోడల వల్ల తగ్గిన వేగం గదిగదికీ మారుతుంది. రౌటరు పక్కనే నిలబడ్డా, దాని నెత్తిన ఫోను పెట్టినా 94 దాటకపోతే దోషం తూముదే.

అయితే గిగాబిట్ పోర్టున్న రౌటరు కొన్నవారికీ ఒక్కోసారి 94 దగ్గరే ఎందుకు ఆగుతుంది? కవి "తూము" అన్నాడు కానీ అందులోకి వచ్చే కాలువను విడిగా చెప్పలేదు, అది వ్యాఖ్యాత పని. గిగాబిట్‌కు తీగలోని ఎనిమిది పోగులూ కావాలి, 100కు నాలుగు చాలు. చివర్న పారదర్శకమైన ప్లాస్టిక్ ప్లగ్గును వెలుతురుకు ఎత్తి చూడండి. నారింజ, ఆకుపచ్చ, నీలం, గోధుమ, వీటికి జతగా తెల్ల చారల పోగులు, ఎనిమిదీ లోహపు పళ్ల దాకా వచ్చాయా లేదా తెలుస్తుంది. క్రింపింగ్ తొందరలో నీలం, గోధుమ జతల్లో ఒక్కటి పొట్టిదైనా రౌటరు నోరు మూసుకుని 100కు దిగిపోతుంది. ఎవరికీ ఏ ఎర్ర దీపమూ చూపించదు.

"దొరను": ఏకవచనం సాభిప్రాయం. ఇంటర్నెట్ కంపెనీ ఇచ్చిన పెట్టె, అంటే ఓఎన్‌టీ, తీగలో వచ్చిన కాంతిని విద్యుత్తుగా మారుస్తుంది. ఆ పని మామూలు రౌటరు చేయలేదు, కనుక కొత్తది కొన్నామని దాన్ని పీకెయ్యలేం. చిక్కేమిటంటే ఆ పెట్టెలోనూ సాధారణంగా ఒక రౌటరు దాగి ఉంటుంది. ఒకే ఇంట ఇద్దరు దొరలు, ఇద్దరూ చిరునామాలు పంచుతారు. టీవీ ఒకరి కింద, ఫోను ఇంకొకరి కింద చేరుతుంది. ఫోనులోంచి టీవీకి వీడియో పంపబోతే టీవీ కనబడదు. పాత దొరను బ్రిడ్జ్ మోడ్‌లోకి పంపి రౌటరు పని మాన్పించాలి, లేదా కొత్త దొరను చిరునామాలు పంచని యాక్సెస్ పాయింట్‌గా దించాలి.

"నట్టింట": ఇల్లు నడిబొడ్డున, మనిషి తల ఎత్తుకు మించి, టీవీ వెనక కాకుండా. వాస్తు పండితులకు ఇక్కడ అభ్యంతరం ఉంది. నట్టిల్లు బ్రహ్మస్థానం, అక్కడ బరువు పెట్టరాదు. గోడకు కొట్టిన రౌటరు నేల మీద బరువు కాదు కనుక శాస్త్రవిరోధం లేదని పరిహారం. ఓఎన్‌టీని కిటికీ మూలనే ఉండనిచ్చి, అక్కడి నుంచి క్యాట్ 6 తీగ ఒకటి నట్టింటికి లాగితే సరిపోతుంది. 100 మీటర్ల దాకా దానికి అలుపు లేదు. తీగ లాగడం ఇష్టంలేక రిపీటరు కొంటారు చాలామంది. ఒకే రేడియో ఉన్న రిపీటరు విన్నది మళ్లీ చెప్పాలి కనుక వేగం సగానికి పడుతుంది. డూప్లెక్స్ ఇళ్లకు పలు పెట్టెలు కలిసి పనిచేసే మెష్ పద్ధతి సరైనదే, దాని పెట్టెల మధ్య కూడా తీగ ఉంటే మరీ మంచిది.

"నిలుపు": శ్లేష. నెలకొల్పు అని ఒక అర్థం. కరెంటు పోయినా పడిపోకుండా నిలుపు అని ధ్వని. చిన్న యూపీఎస్ కొనేటప్పుడు రౌటరుకొక్కదానికే కొని, ఓఎన్‌టీని మరిచినవారు చీకట్లో వెలిగే వైఫై గీతలు చూస్తూ ఇంటర్నెట్ లేకుండా కూర్చుంటారు. రెండూ 12 వోల్టుల అడాప్టర్లే అయితే, రెండింటి ఆంపియర్లు కలిపి తట్టుకునే యూపీఎస్ ఒకటి చాలు. ఆపు అని మూడో అర్థం. సర్వరోగాలకూ ఆపి, కాసేపాగి, మళ్లీ వేయమని కవి సూచన. ఇది మరీ లాగుడు వ్యాఖ్య అని మల్లినాథుడు అనవచ్చు. కస్టమర్ కేర్‌కు ఫోన్ చేస్తే వాళ్లు చెప్పేదీ ఇదే అర్థం.

గ్రంథపాతం

పాస్‌వర్డు గురించి కవి ఒక్క మాటా అనలేదు. ఇంతటి జాగ్రత్తపరుడు దాన్ని మరిచాడంటే నమ్మలేం. అట్టడుగున స్టిక్కరు మీద అచ్చయిన పాస్‌వర్డు మార్చమనీ, అడ్మిన్ పేజీకి వేరే పాస్‌వర్డు పెట్టమనీ, రక్షణకు 2018లో వచ్చిన డబ్ల్యూపీఏ3 ఉంటే అదీ లేకపోతే డబ్ల్యూపీఏ2 ఎంచుకోమనీ చెప్పే రెండో పద్యం ఉండి ఉండాలి. నాకు దొరికిన ప్రతుల్లో ఆ తాటాకు లేదు. ఎవరి దగ్గరైనా ఉంటే పద్యం పంపగలరు. పాస్‌వర్డు పంపనక్కర్లేదు.